పొలిజియానో చెప్పిన కథ

సభకు నమస్కారం. పేరుపేరునా పలకరించనందుకు పెద్దలు మన్నించాలి. చెప్పవలసింది చాలా ఉంది.

నేను శిల్పం నేర్చుకునే రోజుల్లో మా గురువుగారు నా చేతిలో కావ్యం చూసి, "ఉలి పట్టేవాడికి ఇదెందుకు?" అని లాక్కున్నారు. నలభై ఏళ్లయినా ఆ మాట ములుకులా గుచ్చుకుంటూనే ఉంది. దానికి జవాబు చెప్పుకోవడానికే ఇవాళ ఇటలీలోని ఫ్లోరెన్స్ కథ ఎత్తుకున్నాను.

1424లో ఆ ఊరి బాప్టిస్టరీ, అంటే క్రైస్తవులు బాప్తిస్మం ఇచ్చే మందిరం, తలుపుల మీద ఏ బైబిలు కథలు ఉండాలో మానవతావాద పండితుడు, అంటే ప్రాచీన గ్రీకు లాటిన్ గ్రంథాలు చదువుకున్నవాడు, లియొనార్డో బ్రూని రాసి ఇచ్చాడు. 20 కథలు, 8 మంది ప్రవక్తలు. శిల్పి గిబెర్తి ఆ లెక్క వదిలేసి 10 పెద్ద ఫలకాలు చేశాడు. పండితుడి మాట శిల్పికి శాసనం కాలేదు. ఆ గిబెర్తే తర్వాత కలం పట్టి కళ గురించి వ్యాఖ్యానాలు రాశాడు. ఆ తలుపుల గురించి ఇంకా చెప్పాలనే వచ్చాను గానీ, మనసు మైకెలాంజిలో వైపే లాగుతోంది.

నేను చెప్పబోయే సంగతి జరిగేనాటికి అతనికి పదహారు, పదిహేడేళ్లు. ఫ్లోరెన్స్‌ను ఏలుతున్న కళాపోషకుడు లొరెంజో మెడిచి ఇంట్లో ఉంటున్నాడు. కవి, గ్రీకు లాటిన్ పండితుడు పొలిజియానో కూడా అక్కడే ఉండేవాడు. ఆయన ఆ కుర్రవాణ్ణి కూర్చోబెట్టి సెంటార్ల, అంటే గ్రీకు పురాణాల్లోని సగం మనిషి సగం గుర్రం జీవుల, యుద్ధం కథను ఘట్టం ఘట్టంగా విప్పి చెప్పాడట. మైకెలాంజిలో శిష్యుడు కొండీవి 1553లో వెలువరించిన జీవితచరిత్రలో ఈ సంగతి ఉంది. ఎంతటి పండితుడు! చెక్కడం నేర్చుకుంటున్న పిల్లవాడికి ఓపిగ్గా కథ చెప్పాడు!

ఆ కథనే మైకెలాంజిలో పాలరాతి పలక మీద చెక్కాడు. ఆ పలక ఇప్పుడు ఫ్లోరెన్స్‌లో కాసా బువొనరోతి అనే మ్యూజియంలో ఉంది. ఎత్తు మీటరు కూడా లేదు. ఎవరు మనిషో, ఎవరు గుర్రమో విడదీయలేనట్టు దేహాలు పెనవేసుకుని ఉంటాయి. ఎడమవైపు ఒకడు రాయి విసరబోతున్నాడు. పైభాగం చెక్కకుండా వదిలేసిన రాయే, ఉలి గాట్లతో సహా. కథ విన్న చెవులకూ, చెక్కిన చేతికీ మధ్య ఎడం ఎక్కడుందో చూపించండి!

దాన్ని అతను చివరిదాకా తన దగ్గరే ఉంచుకున్నాడు. చూసినప్పుడల్లా, శిల్పాన్నే పూర్తిగా పట్టుకోలేదే అని బాధపడేవాడట.

ఈ సభలో కవులున్నారు, వెనక వరుసల్లో శిల్ప విద్యార్థులున్నారు. అయ్యా, అమ్మా, సభ ముగిశాక వెంటనే వెళ్లిపోకండి. ఆ పిల్లల పక్కన కూర్చుని, మీకు బాగా తెలిసిన ఒక్క కథ చెప్పండి. ఘట్టం ఘట్టంగా.