కొత్త సంగీతానికి గ్రాంట్ అడుగుతున్నారా? ముందు హక్కుల సంగతి తేల్చండి

నమస్కారం. మన కాలపు స్వరకర్త రాసిన సంగీతాన్ని బెంగళూరులో వేదిక ఎక్కించాలి, దానికి గ్రాంట్ కావాలి. అప్లికేషన్ ఎక్కడ మొదలుపెట్టాలి? చాలామంది "మా బృందం ఫలానా సంవత్సరంలో ఏర్పడింది" అని మొదలుపెడతారు. నేనైతే ఆ పేజీ ఆఖర్న రాస్తాను. ఆ సంగీతం మీద హక్కు ఎవరిది, వాయించడానికి ఎవరు ఒప్పుకోవాలి, అందుకు ఎంత ఖర్చవుతుంది? ముందు ఈ మూడూ తేలాలి. ఇవి తేలకపోతే బడ్జెట్ ఊహ మీద నడుస్తుంది, అది చదివేవాళ్లకి వెంటనే తెలిసిపోతుంది.

త్యాగరాజ కీర్తనలతో పెరిగిన మనకి ఈ ప్రశ్నే కొత్త. ఆయన 1847లో వెళ్లిపోయారు, ఎవర్నీ అనుమతి అడగక్కర్లేదు. బాలమురళీకృష్ణ గారి సంగతి వేరు. 72 మేళకర్తల్లోనూ కృతులు కట్టిన మనిషి, సాయంత్రమంతా ఆయన రచనలే పాడదామని ఎవరికైనా అనిపిస్తుంది. ఆయన 2016లో కన్నుమూశారు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది, అంటే 2076 చివరి దాకా. కాబట్టి హక్కుదారులు ఎవరో కనుక్కుని, అనుమతి కాగితం మీద తీసుకోండి. "ఫోన్‌లో సరే అన్నారండీ" అంటే గ్రాంట్ కమిటీ ముందు చెల్లదు.

"మేం టికెట్ పెట్టట్లేదు కదా?" అని కామెంట్లలో తప్పకుండా అడుగుతారు. నిజమే, చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. ఔత్సాహిక సంఘం టికెట్ లేకుండా ప్రదర్శిస్తే అది ఉల్లంఘన కాదు. కానీ మీ బడ్జెట్‌లోనే కళాకారులకు పారితోషికం చూపిస్తూ, మేం ఔత్సాహికులం అనడం ఎలా కుదురుతుంది? పోనీ పారితోషికం తీసేద్దామా అంటే, అది ఇంకా తప్పు. వాయించేవాళ్లకి డబ్బివ్వని బడ్జెట్ చూసి మెచ్చుకునే రోజులు పోయాయి.

ఇప్పుడు స్క్రీన్ చూడండి, ఒక బడ్జెట్ షీట్ తెరిచాను. ఉదాహరణకి నలుగురున్న స్ట్రింగ్ క్వార్టెట్ (రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో), వాయించేది ఆర్వో పెర్ట్ రాసిన 'ఫ్రాట్రెస్'. ఆయన ఎస్టోనియా స్వరకర్త, 1935లో పుట్టారు. ఈ రచన 1977 నాటిది, ప్రచురణకర్త వియన్నాలోని యూనివర్సల్ ఎడిషన్. మొదటి వరుస నొటేషన్, అంటే వాయించాల్సిన స్వరాలు అచ్చువేసిన కాగితాలు. చిన్న బృందాల నొటేషన్ మామూలుగా కొనుక్కోవచ్చు. ఆర్కెస్ట్రాలో ఒక్కో వాయిద్యానికి విడిగా ఉండే పార్టులైతే చాలావరకు అద్దెకే ఇస్తారు, కచేరీ అయ్యాక తిరిగి పంపాలి, కొరియర్ ఖర్చూ మనదే. ఇంటర్నెట్‌లో దొరికిన పీడీఎఫ్‌తో వాయిస్తాం అని మాత్రం రాయకండి, బాబూ. రెండో వరుస ప్రదర్శన లైసెన్స్. నొటేషన్ కొన్నంత మాత్రాన బహిరంగంగా వాయించే హక్కు రాదు. మన దేశంలో దీనికి ముందు అడగాల్సింది ఐపీఆర్ఎస్‌ని, అంటే స్వరకర్తలు, గీత రచయితల తరఫున లైసెన్సులిచ్చే సొసైటీని. మూడో వరుస రిహార్సళ్లు. నలుగురు, ఆరు రిహార్సళ్లు, మనిషికి 1,500 అనుకుంటే 36,000 అవుతుంది. ఇలా గుణించి చూపించండి. "రిహార్సల్ ఖర్చులు 40,000" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎక్కడ నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. హాల్ అద్దెలో జీఎస్‌టీ కలిపారో లేదో చూసుకోండి. అన్నట్టు, వయొలిన్ ఆకారంలో ముచ్చటగా ఉందని చౌడయ్య మెమోరియల్ హాల్ పెట్టేయకండి. నలుగురు వాయించే కచేరీకి అంత హాల్ ఎందుకని మొదటి ప్రశ్నే అది వస్తుంది.

ఇక ఎవర్ని అడగాలి? మన ఊళ్లోనే ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ ఉంది, 1995 నుంచి గ్రాంట్లు ఇస్తోంది. ప్రపోజల్ భారతీయ భాషల్లోనూ తీసుకుంటారు, అంటే తెలుగులో రాయొచ్చు. అయితే ఒక కచేరీ ఖర్చు భరించండి అంటే వాళ్లు కదలరు. ఆ కచేరీ వెనక ఒక ప్రశ్న ఉండాలి. జర్మన్ స్వరకర్తైతే గోథె ఇన్‌స్టిట్యూట్‌ని, స్విస్ స్వరకర్తైతే ఢిల్లీలోని ప్రో హెల్వెషియాని అడగడం న్యాయం.

విదేశీ ఫౌండేషన్లూ ఉన్నాయి. మ్యూనిక్‌లోని ఎర్న్‌స్ట్ ఫాన్ సీమెన్స్ మ్యూజిక్ ఫౌండేషన్ సమకాలీన సంగీతానికే పెద్దపీట వేస్తుంది. న్యూయార్క్‌లోని కుర్ట్ వైల్ ఫౌండేషన్, ఆ పేరున్న స్వరకర్త రచనల ప్రదర్శనలకు గ్రాంట్లు ఇస్తుంది. కానీ ఇక్కడ విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ అడ్డొస్తుంది. మీ ట్రస్టుకి ఆ రిజిస్ట్రేషన్ లేకుండా విదేశీ విరాళం తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థకి కనీసం మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో అసలు కార్యక్రమాల మీద 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి. కొత్త బృందాలకి అంత ఎక్కడిది? అప్పుడు ఒక నిర్దిష్ట దాత, నిర్దిష్ట మొత్తం చూపించి ముందస్తు అనుమతి అడగొచ్చు. దానికి నెలలు పడుతుంది కాబట్టి కచేరీ తేదీ ప్రకటించకముందే మీ సీఏతో కూర్చోండి. గ్రాంట్ మంజూరైంది, డబ్బు మాత్రం తీసుకోలేం అనే పరిస్థితి పగవాడికి కూడా వద్దు.

చివరిగా అసలు పేరా, ఎందుకు ఈ సంగీతం, ఎందుకు మీరు. "ఈ గొప్ప స్వరకర్త సంగీతాన్ని ప్రజల్లోకి తీసుకెళ్లడమే మా ఆశయం" అనే వాక్యాన్ని కొట్టేయండి, అది ఏ అప్లికేషన్‌లోనైనా అతుకుతుంది. ఇలా రాసి చూడండి: "ఫ్రాట్రెస్‌లో రచన పొడుగునా షడ్జ పంచమాల్లాంటి స్వరాల జోడు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. తంబూరా శ్రుతిలో పెరిగిన బెంగళూరు బసవనగుడి శ్రోతలకి ఇది ఎలా వినిపిస్తుందో తెలుసుకోవాలని, కచేరీ తర్వాత అరగంట వాళ్లతో మాట్లాడదలిచాం." ఇది ఆ రచన చూసినవాళ్లు, ఆ శ్రోతలు తెలిసినవాళ్లు మాత్రమే రాయగల వాక్యం.

శాంపిల్ వీడియోకి ఒకటే చెప్తాను. జ్యోతి ప్రజ్వలన, వందన సమర్పణ అన్నీ కత్తిరించి, వాయించడం మొదలైన చోటు నుంచే పెట్టండి. ఈ బడ్జెట్ షీట్ ఖాళీ కాపీ కింద డిస్క్రిప్షన్‌లో ఉంది. హక్కుల వరుసలు రెండూ పైనే పెట్టాను, కిందకి జరపకండి.