ఎన్‌చాంటెడ్ రాక్ రివ్యూ: ఐదు గంటలు డ్రైవ్ చేసి గుండు ఎక్కొచ్చాం!

నమస్తే అండీ, అందరూ బాగున్నారా! ముందు మా నాన్న ఇచ్చిన రివ్యూ చెప్తాను. డల్లాస్ నుంచి దాదాపు ఐదు గంటలు డ్రైవ్ చేసి, టెక్సస్ స్టేట్ పార్కుల్లో ఒకటైన ఎన్‌చాంటెడ్ రాక్ అనే రాతికొండ ముందు కారు ఆపితే, ఆయన దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూసి, "ఇది మన భువనగిరి గుట్టే గదరా, దీనికింత దూరమా?" అన్నారు.

అన్నదాంట్లో తప్పేం లేదు. అదీ గ్రానైటే, ఇదీ గ్రానైటే. కాకపోతే ఇది గులాబీ రంగు, వయసు సుమారు 100 కోట్ల ఏళ్లు. మన హైదరాబాద్ గుండ్లు దాదాపు 250 కోట్ల ఏళ్లనాటివి. ఆ లెక్కన ఇదింకా పిల్లరాయే!

ఎత్తు నేల నుంచి 425 అడుగులు. పైకి మైలు లోపే నడక. మెట్లుండవు, పట్టుకోడానికి రెయిలింగ్ ఉండదు, నీడ అసలే ఉండదు. అమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపి, నా స్పోర్ట్స్ షూస్ వేసుకుని మూడుచోట్ల కూర్చుని ఎక్కేసింది. రాయి ఉల్లిపాయలా పొరలుపొరలుగా ఊడుతుంటుంది, చూసి కాలు వేయండి. పైన గుంటల్లో వాననీళ్లు నిలుస్తాయి. వాటిలో ఫెయిరీ ష్రింప్ అని బుల్లి రొయ్యలు! గుంట ఎండిపోయినా గుడ్లు మట్టిలోనే ఉండి, మళ్లీ వాన పడితే పొదుగుతాయి. పిల్లల్ని అందులో దిగనివ్వకండి.

ఇక అసలు సంగతి, బుకింగ్. టెక్సస్‌లో 95 శాతానికి పైగా భూమి ప్రైవేటుదే. కొండ కనిపించింది కదా అని కారాపి ఎక్కేస్తానంటే కుదరదు, కంచె అవతలంతా ఎవరిదో రాంచ్ (పశువుల్ని పెంచే పొలం). అందుకే జనమంతా ఈ స్టేట్ పార్కుల మీదే పడతారు. డే పాస్ (ఒక రోజు ఎంట్రీ) 30 రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. శని, ఆదివారాలకి ముందే తీసుకోండి. అప్పట్లో మేం ఇంకో పార్కుకి లాంగ్ వీకెండ్‌లో బుకింగ్ లేకుండా వెళ్లి, గేటు నుంచే వెనక్కొచ్చి, గ్యాస్ స్టేషన్ పార్కింగ్‌లో పులిహోర తిన్నాం.

ఇక్కడ టికెట్ పెద్దవాళ్లకి 8 డాలర్లు, 12 ఏళ్ల దాకా పిల్లలకి ఫ్రీ. మేం నలుగురు పెద్దవాళ్లం, అంటే ఒక్క ట్రిప్పుకి 32. ఏడాది పాస్ 70 డాలర్లు, కార్లో ఉన్న అందరికీ చెల్లుతుంది, రాష్ట్రంలో 80కి పైగా పార్కుల్లో. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చిన ఏడాది కళ్లు మూసుకుని తీసుకోండి, మూడో ట్రిప్పుకే గిట్టుబాటు. పాస్ ఉన్నా బుకింగ్ మాత్రం చేసుకోవాల్సిందే!

నచ్చనిది ఎండ. జూన్ నుంచి ఆగస్టు దాకా ఆ రాయి పెనమే. మేం నవంబర్‌లో వెళ్లాం. క్యాంపింగ్‌కి టెంట్లే, ఆర్‌వీలకి (లోపలే పడుకునే ఇల్లులాంటి బండ్లకి) చోటు లేదు.

అడవి కావాలంటే మాత్రం హ్యూస్టన్‌కి ఉత్తరాన శామ్ హ్యూస్టన్ నేషనల్ ఫారెస్ట్‌కి వెళ్లండి. అందులో లిటిల్ లేక్ క్రీక్ అనే వైల్డర్‌నెస్ (సహజంగా అలాగే వదిలేసిన అడవి) ఉంది. అక్కడ సైకిల్ కూడా పోనివ్వరు. జింకల వేట సీజన్‌లో వెళ్తే ఆరెంజ్ రంగు జాకెట్ మర్చిపోవద్దు.

నా రేటింగ్ 5కి 4. నాన్నది మూడున్నర, ఆ అర కూడా పులిహోరకట. అన్నట్టు, డ్రోన్ షాట్ ఏదని కామెంట్లలో అడగకండి, ఇక్కడ డ్రోన్ ఎగరెయ్యనివ్వరు!