పెళ్లి ఆపిన మర్నాడు

యాంకర్: నమస్కారం. బాల్యవివాహాలను ఆపడంలో సామాజిక కార్యకర్తలు ఏం చేయగలుగుతున్నారు, ఎక్కడ ఆగిపోతున్నారు? ఇవాళ్టి చర్చ ఇదే. పాలమూరు పల్లెల్లో తిరిగే కార్యకర్త ఒకరు, బాలల సంక్షేమ కమిటీలో పనిచేసిన న్యాయవాది ఒకరు మనతో ఉన్నారు. అక్కా, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ వచ్చాక ఏం జరుగుతుంది?

కార్యకర్త: పోతం. మేం పోయేసరికి టెంటు వేసుంటది, వంటలైతుంటయి. పిల్లకు పద్దెనిమిదేండ్లు నిండినయని ఆధార్ కార్డు తెచ్చి చేతుల పెడతరు.

న్యాయవాది: అది చూసి ఆగకూడదు. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం ముందు చూడాల్సింది బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రం, లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకుంటే పంచాయతీ, మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. ఏదీ దొరక్కపోతేనే వైద్య పరీక్ష.

కార్యకర్త: అందుకే నేను పెళ్లింటికన్న ముందు బడికి పోత. సారు సెలవుల ఉన్నా సరే, అడ్మిషన్ రిజిస్టర్ ఫొటో పంపమంట.

యాంకర్: పెళ్లి ఆగింది, కౌన్సెలింగ్ ఇచ్చారు. మా వార్త అక్కడితో అయిపోతుంది.

కార్యకర్త: మీ వార్త అయితది అన్నా, మా పని కాదు. పది రోజులకు అమ్మమ్మ ఊరికి తీస్కపోయి తెల్లారుజామున గుళ్లె తాళి కట్టిస్తరు.

న్యాయవాది: కేసు పెట్టరు కాబట్టే ఆ ధైర్యం. 2006 బాల్యవివాహాల నిషేధ చట్టంలో రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి. పెళ్లి జరిపించిన పురోహితుణ్ణీ వదలదు.

కార్యకర్త: కోపానికి రావద్దు సార్. నాయిన మీద కేసు పెడితె ఆ ఊర్ల మల్లా ఎవరన్న ఫోన్ చేస్తరా? మాకు చెప్పేది పిల్ల దోస్తులే. జైలంటె భయపడని నాయిన, "పద్దెనిమిది నిండకుంటె పెళ్లికి సర్కారిచ్చే కల్యాణలక్ష్మి 1,00,116 రూపాయలు రావు" అంటె ఆగుతడు.

న్యాయవాది: (నవ్వుతూ) చట్టం కన్నా చెక్కుకే బలమెక్కువ అంటారు.

కార్యకర్త: చెక్కు కొన్నాళ్లు ఆపుతది. అసలు సంగతి వలస. కూలీలను తీస్కపోయే గుంపు మేస్త్రి అడ్వాన్సు ఇచ్చినంక ఆలుమగలు ముంబై పోవాలె. ఎదిగిన పిల్లను ఎవరి కాడ విడిచిపోతరు? ఆ తల్లిని ఏమని తిట్టాలె? కస్తూర్బా బడిల సీటు దొరికితె తిండీ పడకా అక్కడే. కాని చదువుల ఏడాది నడుమ చేర్పియ్యాలంటె వంద తిప్పలు.

యాంకర్: పిల్లలైనా మీ మాట వింటారా?

కార్యకర్త: పోయినేడు ఒక పిల్ల మొఖం మీదనే తలుపేసింది. నా వల్ల వాళ్ల నాయిన అప్పుల పడ్డడు, వంటలు పారబోసుకున్నరు. నాలుగోసారి పోతె మంచినీళ్లిచ్చింది. ఐదోసారి బడి సంగతి తీసిన.

న్యాయవాది: ఆ నాలుగుసార్లకు ఏ రిపోర్టులోనూ గడి ఉండదు. 'ఆపిన పెళ్లిళ్లు' అని ఒక్కటే గడి. కమిటీలో ఉన్నప్పుడు నేనూ ఆ ఒక్క అంకే అడిగేవాణ్ణి.

యాంకర్: ఆ అమ్మాయి ఇప్పుడు?

కార్యకర్త: తొమ్మిదిల ఉంది. దసరా సెలవులకు ఇంటికొస్తది. ఆ సెలవులన్ని రోజులు నేను ఆ ఊర్లనే తిరుగుత.