ఈలింగ్ స్టూడియోస్: లోపలికి వెళ్లకుండా ఏమేం చూడొచ్చు? | లండన్ తెలుగు వ్లాగ్

నమస్తే అండి. ఇవాళ పశ్చిమ లండన్‌లో ఉన్నాం, 1940లు, 50ల నాటి బ్రిటిష్ కామెడీ సినిమాలకి పేరుపడ్డ ఈలింగ్ స్టూడియోస్ గేటు ముందు. ముందే ఒక మాట: లోపలికి పంపరు. ఇది ఇప్పటికీ షూటింగులు జరిగే స్టూడియో, రామోజీ ఫిల్మ్ సిటీలాగా టికెట్ కొని తిరిగే చోటు కాదు. మరి ఎందుకు రావాలి? ఇక్కడి నుంచి వచ్చిన సినిమాల్లో నిజమైన వీధులు అంతగా ఎందుకు కనిపిస్తాయో ఈ స్థలం ఎంత చిన్నదో కళ్లారా చూస్తేనే అర్థమవుతుంది కాబట్టి.

ముందు దారి చెప్పేద్దాం. హీత్రూ, స్లౌ, రీడింగ్ వైపు ఉండేవాళ్లు ఎలిజబెత్ లైన్ ఎక్కితే నేరుగా ఈలింగ్ బ్రాడ్‌వే స్టేషన్‌లో దిగొచ్చు. సెంట్రల్, డిస్ట్రిక్ట్ లైన్లు కూడా ఇక్కడికే వస్తాయి. స్లౌ, రీడింగ్ నుంచి వచ్చేవాళ్లు ఆయిస్టర్ కార్డు (లండన్ రైళ్లు, బస్సుల కార్డు) వాడకండి, వెస్ట్ డ్రేటన్ దాటాక పడమర వైపు స్టేషన్లలో అది పనిచేయదు. బ్యాంకు కాంటాక్ట్‌లెస్ కార్డు గానీ ఫోను గానీ వాడండి. ఎక్కేటప్పుడు కార్డు, దిగేటప్పుడు ఫోను పెడితే అవి రెండు వేర్వేరు ప్రయాణాల కింద లెక్కపడి రెండింటికీ గరిష్ట ఛార్జీ పడుతుంది. సౌతాల్‌లో సరుకుల పని కూడా ఉంటే ముందు స్టూడియో చూసుకోండి, తర్వాత సౌతాల్ వెళ్లండి. మధ్యలో వెస్ట్ ఈలింగ్, హాన్‌వెల్ రెండే స్టేషన్లు. బియ్యం బస్తాతో పార్కులో తిరగడం ఎవరి వల్లా కాదు. ఆదివారాలు పట్టాల మరమ్మతులుంటాయి, బయల్దేరే ముందు యాప్‌లో ఒకసారి చూసుకోండి.

స్టేషన్ నుంచి హై స్ట్రీట్ మీదుగా దక్షిణం వైపు నడిస్తే పది నిమిషాల్లో ఈలింగ్ గ్రీన్ వస్తుంది. రోడ్డు పక్కన కనిపించే ఆ తెల్ల ఇల్లే స్టూడియో ముఖం. గుండ్రటి నీలం ఫలకం మీద ఉన్న పేరు మైఖేల్ బాల్కన్, ఈ స్టూడియోని నడిపించిన నిర్మాత. ఫుట్‌పాత్ మీద నిలబడి వీడియో తీసుకుంటే ఎవరూ ఏమీ అనరు. ట్రైపాడ్ వేసి దారి మూసేస్తే మాత్రం అంటారు. గేటు దగ్గర వ్యాన్లు వస్తూ పోతూ ఉంటాయి, దానికి అడ్డంగా నిలబడొద్దు.

ఈ స్థలం కథ 1902లో మొదలైంది. విల్ బార్కర్ అనే మూకీల నిర్మాత ఇక్కడి ఇల్లు, తోట కొన్నాడు. అప్పటి ఫిల్ముకి బోలెడంత వెలుతురు కావాలి కాబట్టి అద్దాల గోడలు, అద్దాల కప్పుతో ఫ్లోర్లు, అంటే షూటింగ్ హాళ్లు, కట్టేవాళ్లు. లండన్‌లో గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది, అప్పట్లో ఊళ్లో బొగ్గు పొగ తూర్పుకి కొట్టుకుపోయేది. అందుకే ఆకాశం కాస్త తేటగా ఉండే పడమటి శివార్లు సినిమావాళ్లకి నచ్చాయి. మాటల సినిమా రాగానే ఈ అద్దాలే శత్రువులయ్యాయి. వాన చప్పుడు, వీధి చప్పుడు లోపలికొచ్చేస్తాయి, మాట గోడలకి తగిలి మోగుతుంది. 1931లో బేసిల్ డీన్ కంపెనీ కిటికీల్లేని సౌండ్ ఫ్లోర్లు కట్టించింది. 1938లో పగ్గాలు బాల్కన్ చేతికొచ్చాయి.

ఫ్లోర్లు మొత్తం ఐదు. ఎదురుగా రోడ్డవతల రెడ్ లయన్ అనే పబ్ ఉంది చూడండి, యూనిట్ వాళ్లు దాన్ని ‘ఆరో ఫ్లోర్’ అనేవాళ్లు. చుట్టూ ఇళ్లు, వెనక పార్కు, విస్తరించడానికి చోటు లేదు. పెద్ద సెట్ వేస్తే దాన్ని పీకేదాకా ఇంకో సినిమా ఆగాల్సిందే. అందుకని వీళ్లు కెమెరా పట్టుకుని బయటికెళ్లారు. 1947 నాటి ‘హ్యూ అండ్ క్రై’లో కనిపించే శిథిలాలు యుద్ధంలో నిజంగా బాంబులు పడిన లండన్ వీధులే. 1949 నాటి ‘పాస్‌పోర్ట్ టు పిమ్లికో’ పేరులో పిమ్లికో అనే లండన్ పేట ఉంది గానీ, సెట్ వేసింది నది అవతల లాంబెత్‌లో, బాంబులకి కూలి ఖాళీ అయిన స్థలంలో. కథలో మండే ఎండాకాలం, తీసినప్పుడేమో వాన. దాంతో షూటింగ్ సాగి సాగి నడిచింది. అదే ఏడాది వచ్చిన ‘విస్కీ గలోర్!’కి స్టూడియోలో ఖాళీయే లేక, యూనిట్ మొత్తాన్నీ స్కాట్లండ్‌లో బారా దీవికి పంపేశారు. అక్కడ ఒక హాలునే ఫ్లోరుగా మార్చుకున్నారు. పది వారాలనుకున్న పని ఇంకో ఐదు వారాలు పట్టింది, అక్కడా వానగాలులే కారణం. మా దృష్టిలో ఈలింగ్ కామెడీలకి ఆ నిజమైన వీధి వాసన రావడానికి దర్శకుల గొప్పతనం ఎంత కారణమో, చోటు లేకపోవడం కూడా అంతే కారణం.

ఇక లోపల చేసిన పనిలో అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ‘కైండ్ హార్ట్స్ అండ్ కొరొనెట్స్’లో చర్చి షాట్. ఎలెక్ గిన్నెస్ ఒకే కుటుంబంలోని ఎనిమిది మందిగా నటించాడు. ఆ షాట్‌లో వాళ్లలో ఆరుగురు ఒకేసారి ఫ్రేములో కనిపిస్తారు. మన ద్విపాత్రాభినయం సినిమాల్లో ‘మాస్క్ షాట్’ అంటామే, అదే పద్ధతి. ఇక్కడ రెండు బదులు ఆరు.

పని ఇలా జరుగుతుంది. కెమెరాని నేలకి బిగించేస్తారు. లెన్సు ముందు మాస్క్ పెట్టి ఫ్రేములో ఒక్క భాగమే తెరిచి ఉంచుతారు, మిగతాదంతా నలుపు. గిన్నెస్ మొదటి వేషంలో కూర్చుంటాడు, షాట్ తీస్తారు. ఆ భాగం మూసి, ఫిల్ముని సరిగ్గా మొదలుపెట్టిన ఫ్రేముకే వెనక్కి తిప్పుతారు. అతను మేకప్ తుడుచుకుని రెండో వేషం వేసుకుని పక్క స్థానంలో కూర్చుంటాడు, రెండో భాగం తెరుస్తారు. ఇలా ఆరుసార్లు, అదే నెగెటివ్ మీద. కెమెరా వెంట్రుకవాసి కదిలినా రెండు భాగాలు కలిసేచోట గీత పడుతుంది. దీపాల వెలుగు మారితే ఒకరు తెల్లగా, పక్కవాళ్లు మసకగా వస్తారు. ఫ్రేముల లెక్క తప్పితే ఒకరు తల తిప్పేదానికి, ఇంకొకరు స్పందించేదానికి పొంతన ఉండదు. అసలు భయం ఏమిటంటే, ఆరోసారి పొరపాటు జరిగితే ముందు తీసిన ఐదూ పోయినట్టే. ఛాయాగ్రాహకుడు డగ్లస్ స్లోకోంబ్ రాత్రి ఎవరైనా కెమెరాని తాకుతారేమోనని దాని పక్కనే పడుకున్నాడు. ఇప్పుడు కంప్యూటర్‌లో పూటలో అయిపోయే పని ఇది. కానీ ఆ షాట్ చూసేటప్పుడు అతుకు ఎక్కడుందో వెతకండి, దొరకదు.

సౌండ్ విషయంలో 1951 నాటి ‘ది మ్యాన్ ఇన్ ది వైట్ సూట్’ చూడండి, కాదు, వినండి. ప్రయోగశాలలో గాజు గొట్టాలు బుడబుడలాడే చప్పుడు ఉంటుంది. సౌండ్ ఎడిటర్ మేరీ హ్యాబర్‌ఫీల్డ్ దానికోసం బుడగల శబ్దంతో పాటు ట్యూబా, బాసూన్ వాద్యాలని కూడా వాడింది. అందుకే అది యంత్రం మోతలా కాకుండా తాళంలో నడుస్తుంది.

1955లో స్థలాన్ని బీబీసీకి అమ్మేశారు. అదే ఏడాది వచ్చిన ‘ది లేడీకిల్లర్స్’తో ఇక్కడి పేరున్న కామెడీల వరస ముగిసింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు టీవీ నాటకాల ఫిల్ము పని ఇక్కడే జరిగింది. ‘డాక్టర్ హూ’ అనే టీవీ సీరియల్ ముక్కలు కొన్ని కూడా ఇక్కడ తీసినవే. ‘డౌన్‌టన్ ఆబీ’ టీవీ సీరియల్‌లో మేడమీది గదులు ఎక్కువగా హాంప్‌షైర్‌లోని హైక్లియర్ కోటలోవి, వంటగది, పనివాళ్ల గదులు మాత్రం ఈలింగ్‌లో వేసిన సెట్. కోటలో ఆ కింది గదులు కాలక్రమంలో ఆధునికంగా మారిపోయాయి కాబట్టి అలా చేయాల్సి వచ్చింది. తెర మీద నౌకరు పళ్లెం పట్టుకుని ఒక తలుపు దాటాడంటే, హాంప్‌షైర్ నుంచి లండన్ వచ్చేసినట్టే.

ఒక పోలిక చెప్పాలి. అలెగ్జాండర్ కోర్డా అనే నిర్మాత 1936లో తెరిచిన డెన్‌హమ్ స్టూడియోస్ ఈలింగ్ కంటే ఎంతో పెద్దది. 1952లో అక్కడ షూటింగులు ఆగాయి, 1980ల మొదట్లో ఫ్లోర్లు కూల్చేశారు. పెద్ద స్టూడియోకి రోజూ పెద్ద సినిమా కావాలి. ఈలింగ్ టీవీ నాటకంతోనో, ఒక చిన్న సెట్‌తోనో నెట్టుకొచ్చింది.

సరే, చూడ్డానికి ఏముంది? స్టూడియో పక్కనే వాల్పోల్ పార్కు, ఉచితం. పార్కులోని పిట్స్‌హ్యాంగర్ మేనర్ సర్ జాన్ సోన్ అనే ఆర్కిటెక్ట్ తనకోసం కట్టుకున్న ఇల్లు. అది అన్ని రోజులూ తెరిచి ఉండదు, వెబ్‌సైట్‌లో చూసుకుని రండి. ‘ది లేడీకిల్లర్స్’లో ముసలావిడ ఇల్లు కోసం మాత్రం వెతక్కండి. అది రైలు సొరంగం పైన వేసిన సెట్, ఎప్పుడో పోయింది. కింగ్స్ క్రాస్ దగ్గర ఆర్గైల్ స్ట్రీట్‌లో నిలబడి ఉత్తరం వైపు చూస్తే సినిమాలో కనిపించే సెయింట్ పాంక్రస్ స్టేషన్ భవనం ఇప్పటికీ అలాగే కనిపిస్తుంది.

లివర్‌పూల్ వైపు ఉండేవాళ్లకి ఇంకా మంచి అవకాశం ఉంది. 1953 నాటి ‘ది టిట్‌ఫీల్డ్ థండర్‌బోల్ట్’లో నడిచిన పాత ఆవిరి ఇంజన్ ‘లయన్’ నిజమైనది, 1838లో తయారైంది. మ్యూజియం ఆఫ్ లివర్‌పూల్‌లో పెట్టారు, ప్రవేశం ఉచితం. పిల్లల్ని తీసుకెళ్తే ముందు రోజు ఇంట్లో ఈ సినిమా వేయండి. ఈలింగ్ కామెడీల్లో మొదటి రంగుల సినిమా ఇదే, రైళ్లు ఉంటాయి కాబట్టి కదలకుండా చూస్తారు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ మాత్రం పెట్టుకోండి, ఆ కాలం యాస పెద్దవాళ్లకే ఒక పట్టాన అందదు.