కొండ లేని ఊళ్లో నేర్చుకునే పైలట్లకు

వేదిక మీది పెద్దలకు, శిక్షణలో ఉన్న పిల్లలకు, వెనక కూర్చున్న తల్లిదండ్రులకు నమస్కారం. నన్ను కొత్త కాక్‌పిట్ స్క్రీన్ల గురించి మాట్లాడమన్నారు. దానికి ముందు ఒక కొండ సంగతి చెప్పాలి.

అమెరికాలో శాన్‌డియాగో దగ్గర బ్రౌన్ ఫీల్డ్ అని ఎయిర్‌పోర్టు ఉంది. దానికి తూర్పున ఓటాయ్ కొండ. 1991 మార్చిలో, అర్ధరాత్రి దాటాక అక్కణ్ణుంచి లేచిన జెట్ ఆ కొండకు గుద్దుకుంది. గాయని రీబా మెకెంటైర్ బృందంవాళ్లు, పైలట్లు కలిపి పదిమంది పోయారు. 2004 అక్టోబరులో మళ్లీ రాత్రి, మళ్లీ అదే కొండ. లియర్‌జెట్ అనే చిన్న జెట్‌లో ఐదుగురు పోయారు. పదమూడేళ్లయినా ఎవరికీ గుర్తులేదా అని నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. రెండుసార్లూ ముందు విజువల్‌గా, అంటే కళ్లతో చూసుకుంటూ లేచి, ఇన్‌స్ట్రుమెంట్ క్లియరెన్స్ (పరికరాల ఆధారంగా ఎగరడానికి కంట్రోలర్ ఇచ్చే అనుమతి) గాల్లో తీసుకుందామనుకున్నారు. రెండోసారి కంట్రోలర్ తప్పు కూడా ఉందని దర్యాప్తు తేల్చింది. తేలితే ఏం, పోయినవాళ్లు వస్తారా? బాబూ, కంట్రోలర్ ‘రాడార్ కాంటాక్ట్’ (మీరు నా రాడార్‌లో కనిపిస్తున్నారు) అనగానే కొండను ఆయన చూసుకుంటాడని నిశ్చింతగా ఉండకండి.

మన దక్కన్‌లో బండరాళ్లే గానీ పర్వతాల్లేవు. బేగంపేటలో లేచినవాడికి డిపార్చర్ చార్ట్, అంటే లేచాక ఏ దారిన ఎంత ఎత్తుకు ఎక్కాలో చెప్పే పటం, పరీక్ష కోసం బట్టీపట్టే కాగితం. నా బాధ అదే. అలాగని కొండలు మనకు దూరం కాదు. 2009 సెప్టెంబరులో వైఎస్ గారి హెలికాప్టర్ బేగంపేట నుంచే లేచింది. అది వేరే కథ, కానీ పావురాలగుట్ట పేరు ఈ హాల్లో తెలియనివారెవరు?

లెక్క చూడండి. లేచాక మామూలుగా, ముందుకు పోయే ప్రతి నాటికల్ మైలుకు (సుమారు 1.85 కిలోమీటర్లు) కనీసం 200 అడుగులు ఎక్కాలి. గ్రౌండ్ స్పీడు, అంటే నేలతో పోల్చిన వేగం, 120 నాట్లయితే (గంటకు 120 నాటికల్ మైళ్లు) నిమిషానికి 400 అడుగులు. వెనకగాలి తోడై 150 అయిందా, 500 కావాలి. మీ వర్టికల్ స్పీడు (పైకెక్కే వేగం) మాత్రం పెరగదు, కొండ ముందే వచ్చేస్తుంది. పైగా ఇది ఇంజన్లన్నీ పనిచేస్తున్నప్పటి లెక్క. ఒకటి ఆగిపోతే ఎటు తిరగాలో నేల మీదే తేల్చుకోవాలి. అమ్మా, నాన్నా, మీ పిల్లలకు ఇది నేర్పుతున్నారా అని స్కూల్లో అడగండి. ఫీజు కట్టేది మీరే.

స్క్రీన్ల సంగతి తర్వాతి వక్త చెబుతారు. ఇప్పుడు ఒకరు బోర్డు దగ్గరికి రండి. లేహ్ రన్‌వే ఎత్తు 10,682 అడుగులు. గాలి పలచన, అదే ఇండికేటెడ్ స్పీడుకి (కాక్‌పిట్ మీటరు చూపే వేగం) గ్రౌండ్ స్పీడు ఎక్కువ. మైలుకు 300 అడుగులు కావాలి అనుకుందాం. రా అమ్మా, నువ్వే, సుద్దముక్క తీసుకో.