స్కర్టేసుకుని కొండెక్కుతారా? చూడాల్సింది లోపలి నిక్కరు

[టేబుల్ మీద మూడు స్కర్టులు, ఒక టేపు, ఒక ఫోను, ఒక ట్రెక్కింగ్ బ్యాగు. మ్యూజిక్ వద్దు, నేరుగా మాటతోనే మొదలు.]

"స్కర్టులో పరిగెత్తుతారా? గాలొస్తే ఎట్లమ్మా?"

మన తిరుపతిలో యూనివర్సిటీ గ్రౌండ్ దగ్గర్నుంచి తలకోన దాకా, స్కర్టులో కనిపించిన ప్రతి అమ్మాయినీ ఎవరో ఒకరు అడిగే మాట ఇది. ఆ బట్టను ఒక్కసారి చేత్తో పట్టుకుని చూసినవాళ్ళు ఈ మాట అడగరు. అందుకే ముందు తిరగేసి చూపిస్తాను.

[స్కర్టును లోపలివైపు బయటికి తిప్పి, కెమెరాకు దగ్గరగా.]

కనిపించిందా? లోపల నిక్కరు. తొడలకు అతుక్కుని ఉండే సాగే నిక్కరు, నడుము పట్టీ దగ్గర స్కర్టుతో కలిపి కుట్టేసి ఉంది. స్కర్టు, షార్ట్స్ రెండూ కలిశాయి కాబట్టి షాపుల్లో దీన్ని స్కోర్ట్ అంటారు.

మన దగ్గర మార్చి వచ్చిందంటే ఇంటి ముందర చలువ పందిరి వేస్తాం కదా, దీని లెక్కా అంతే. లోపలి నిక్కరు ఇల్లు. పైన స్కర్టు పందిరి. గాలికి పందిరి తాటాకు లేచిందనుకోండి, ఇల్లు బయటపడిందని ఎవరైనా గోల చేస్తారా? ఈ వీడియో అంతా ఈ పందిరి చుట్టూనే తిప్పుతాను, కాస్త ఓపిక పట్టండి.

స్కర్టులో పరుగేంది అనేవాళ్ళకు మూడు పేర్లు చెప్పి ముందుకు పోదాం. నికోల్ డిబూమ్ అనే అమెరికా ట్రయాథ్లెట్ 2004లో విస్కాన్సిన్ ఐరన్‌మ్యాన్ పోటీ స్కర్టులోనే గెలిచారు. ఈత, సైకిలు తర్వాత 42 కిలోమీటర్ల పరుగు ఉండే పోటీ అది. మెక్సికోలో రారామురి తెగకు చెందిన మరియా లోరెనా రామిరెజ్ 2017లో 50 కిలోమీటర్ల కొండదారి పరుగు గెలిచినప్పుడు ఒంటిమీద ఉన్నది వాళ్ళ ఊరి స్కర్టు, కాళ్ళకు చెప్పులు. అదే ఏడాది జయంతి సంపత్ కుమార్ హైదరాబాద్ మారథాన్‌ను చీరలో పూర్తి చేశారు. బట్ట పేరును బట్టి కాళ్ళు ఆగవు.

అట్లాగని స్కర్టు వేసుకోవాల్సిందే అన్నా నేను ఒప్పుకోను. 2011లో ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య పెద్ద టోర్నీల్లో ఆడవాళ్ళు స్కర్టు గానీ డ్రెస్సు గానీ వేసుకోవాలని నిబంధన తెచ్చింది. చూడ్డానికి బాగుంటుందట. గొడవై 2012లో వెనక్కి తీసుకున్నారు. బాగా చేశారు.

సరే, విషయానికి వద్దాం. కొనేటప్పుడు అందరూ పందిరినే చూస్తారు. రంగు, కుచ్చులు, పొడుగు. మీ పరుగును నిలబెట్టేదీ పాడుచేసేదీ మాత్రం లోపలి ఇల్లు.

తొడలు ఒరుసుకోవడం ఎట్లా మొదలవుతుందో చూడండి. పొడి చర్మం మీద కంటే తడి చర్మం మీద రాపిడి జాస్తి. చెమట పట్టగానే తొడలు ఒకదాన్నొకటి పట్టి లాగుతాయి. చెమటలో నీళ్ళు ఆరిపోయాక ఉప్పు మిగులుతుంది, అది సన్నటి గరుకు కాగితంలా గీరుతుంది. ఏప్రిల్‌లో జూ పార్కు రోడ్డు మీద ఆరేడు కిలోమీటర్లు పరిగెత్తి వచ్చి నీళ్ళు పోసుకున్నప్పుడు మంట తెలుస్తుంది కదా, ఆ మంట ఇదే. నిక్కరు రెండు తొడల మధ్య అడ్డుగా ఉంటే చర్మానికి బదులు బట్ట మీద బట్ట జారుతుంది. అందుకే నిక్కరు పొడుగే మొదటి లెక్క.

[టేపు చూపించాలి.]

అద్దం ముందు పాదాలు దగ్గరపెట్టి నిలబడండి. తొడలు ఒకదానికొకటి తగిలే చోట్లలో అన్నిటికంటే కిందిది ఎక్కడుందో చూడండి. రెండు కాళ్ళు కలిసే కుట్టు నుంచి అక్కడి దాకా కొలిచి, ఒక అంగుళం కలపండి. నాలుగు అంగుళాలు వస్తే మీకు ఐదు అంగుళాల నిక్కరు కావాలి. షాపుల్లో మూడు నుంచి ఏడు అంగుళాల దాకా దొరుకుతాయి. చాలామంది మూడంగుళాలది కొనేసి, "స్కర్టు నాకు పడదు" అంటారు. స్కర్టు తప్పు ఏముంది పాపం, ఇల్లు చిన్నదైంది.

రెండో రోగం, నిక్కరు పైకి చుట్టుకుపోవడం. తొడ కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది. నిక్కరు అంచు అక్కడ వదులుగా ఉంటే ప్రతి అడుగుకూ కొంచెం కొంచెం పైకి పాకుతుంది. మరీ బిగువుగా ఉన్నా ఇదే జరుగుతుంది, తొడ లావైన చోట నిలవలేక చుట్టుకుంటుంది. అంచు లోపల సిలికాన్ పట్టీ ఉన్నవి కొందరికి బాగా పట్టుకుంటాయి. మన ఎండకు మాత్రం ఆ పట్టీ కింద చెమట నిలిచి దద్దు రావచ్చు, ముందు అరగంట నడిచి చూసుకోండి. ఇంకో మాట, ఆ పట్టీ తగిలే చోట వాజిలైన్ పూయకండి. పూస్తే జారుతుంది, మళ్ళీ కథ మొదటికి. వాజిలైన్ తొడల మధ్య, నడుము పట్టీ కింద రాసుకోండి, చాలు. కొబ్బరి నూనె చర్మంలోకి తొందరగా ఇంకిపోతుంది, దూరం పోయేవాళ్ళకు అది సరిపోదు.

బట్ట సంగతి. నిక్కరుకు నైలాన్, స్పాండెక్స్ అనే సాగే పోగు కలిసినది, నాలుగు వైపులా సాగేది కావాలి. లేబుల్ మీద స్పాండెక్స్ 20 శాతం దగ్గర ఉంటే బాగా పట్టి ఉంటుంది. పైనున్న పందిరికి పలచటి పాలియెస్టర్ మేలు. కాటన్ చల్లగా ఉంటుందని మనవాళ్ళు వదలరు. ఇంట్లో కూర్చున్నప్పుడు నిజమే. పరిగెత్తితే కాటన్ చెమటను తాగి బరువెక్కుతుంది, త్వరగా ఆరదు, తడి బట్ట తొడను గీరుతుంది. చలువ పందిరి మీద తడి దుప్పట్లు కప్పితే గాలి ఆడుతుందా?

ఇక్కడ నిజం ఒకటి చెప్పాలి. ఉత్తి షార్ట్స్ కంటే స్కర్టు చల్లగా ఉంటుందని చెప్పలేను. నడుము దగ్గర రెండు పొరలున్నాయి కదా. మడమల దాకా ఉండే నల్ల లెగ్గింగ్స్‌తో పోలిస్తే మాత్రం నిండా తేడా ఉంటుంది. పందిరి నీడ తొడ మీద పడుతుంది, అడుగేసినప్పుడల్లా రెండు పొరల మధ్య గాలి ఆడుతుంది, మోకాలి కింద చెమట అప్పటికప్పుడు ఆరుతుంది.

[ఒక కాలు కుర్చీ మీద పెట్టి చూపించాలి.]

కొనేముందు ట్రయల్ రూమ్‌లో చేయాల్సిన పని ఇది. కుర్చీ మీద కాలు పెట్టండి. రెండు కాళ్ళకూ పదేసి సార్లు. తర్వాత పూర్తిగా గొంతుక్కూర్చుని లేవండి, ఐదారు సార్లు. నడుము పట్టీ వెనక జారిందా, నిక్కరు పైకొచ్చిందా, స్కర్టు అంచు తొడను పట్టి ఆపిందా చూసుకోండి. చదును రోడ్డు మీద ఏ స్కర్టైనా బాగానే ఉంటుంది. మోకాళ్ళ పర్వతం లాంటి నిట్టనిలువు మెట్టు వచ్చినప్పుడే దాని గుట్టు బయటపడుతుంది. మోకాలు ఎత్తగానే ఇరుకు స్కర్టు అంచు తొడకు అడ్డుపడుతుంది, అడుగు చిన్నదవుతుంది. పందిరి మరీ కిందికి వేస్తే వంగి నడవాల్సి వచ్చినట్టు. పక్కల చీలిక గానీ, కింద ఘేరు, అంటే అంచు వెడల్పు గానీ ఉండాలి. ఘేరు మరీ ఎక్కువైనా తిప్పలే, గాలిని పట్టుకుంటుంది, ముళ్ళకంపకు తగులుకుంటుంది.

[ఫోను తీసి స్కర్టు జేబులో, తర్వాత నిక్కరు జేబులో.]

జేబు. ఇప్పటి ఫోను దాదాపు 200 గ్రాములుంటుంది. పైన వేలాడే స్కర్టు జేబులో పెడితే గంట నాలుకలా ఊగుతుంది, ఒక పక్క స్కర్టు కిందికి జారుతుంది. పందిరికి ఉట్టి కడితే ఏమవుతుందో అదే. బరువేదైనా ఇంటి గోడకు తగిలించాలి, అంటే నిక్కరు తొడ పక్కన ఉండే జేబులో. ఆ జేబు లోతు ఫోను పొడుగులో ముప్పావు వంతైనా లేకపోతే దిగుడు దారిలో ఫోను ఎగిరి పడుతుంది.

ట్రెక్కింగ్‌కు వేసుకునేది వేరే రకం. కొన్నిటికి లోపల నిక్కరే ఉండదు. ఎందుకంటే, ఎవరూ చెప్పని మాట నేను చెప్తాను, అడవిలో ఒంటికి పోవాల్సి వస్తే ప్యాంటు, లెగ్గింగ్స్ అంతా దించాలి. మోకాళ్ళ దాకా ఉండే స్కర్టే మరుగు. రోజంతా నడిచే ఆడవాళ్ళలో నీళ్ళు తాగడం తగ్గించేసేవాళ్ళు ఉంటారు, ఈ భయంతోనే. మన ఎండలో అది వడదెబ్బకు దారి. అట్లాంటి స్కర్టు కింద విడిగా సైక్లింగ్ షార్ట్స్ వేసుకోండి. ఇల్లు వేరుగా, పందిరి వేరుగా.

బరువు బ్యాగు వేసుకునేవాళ్ళు నడుము పట్టీని మళ్ళీ చూడండి. బ్యాగు నడుం బెల్టు తుంటి ఎముకల మీద కూర్చుంటుంది, సరిగ్గా స్కర్టు పట్టీ మీద. అక్కడ లాగుముడి ఉన్నా, జిప్ ఉన్నా, లావు కుట్టున్నా రెండు గంటల్లో బొబ్బ. మూడంగుళాల వెడల్పున్న చదును పట్టీ కావాలి. ముడి ఉంటే ఒక పక్కకు జరిపి కట్టండి. బెల్టు బిగించే ముందు స్కర్టును రెండు చేతులా కిందికి లాగి, అప్పుడు బిగించండి. లేకపోతే బ్యాగు కదిలినప్పుడల్లా వెనక స్కర్టు పైకి పాకుతుంది.

అడవికి నా షరతు ఒకటి. శేషాచలం అడవి దారులు పార్కు దారులు కావు, ముళ్ళపొదలు జాస్తి. వానలు పడ్డాక పొదల్లో, గడ్డిలో ఉండే సన్నటి పురుగుల వల్ల స్క్రబ్ టైఫస్ వస్తుంది. కాబట్టి మోకాళ్ళ దాకా మేజోళ్ళు గానీ, పలచటి లెగ్గింగ్స్ గానీ స్కర్టు కింద తప్పదు. తిరిగొచ్చాక నడుము పట్టీ కింద, మోకాలి వెనక చూసుకోండి. నల్ల పక్కు కట్టిన మచ్చ కనబడి, జ్వరం వస్తే డాక్టరుకు అడవికి పోయొచ్చిన సంగతి ముందే చెప్పండి. అటవీ శాఖ అనుమతి ఉన్న దారుల్లోనే వెళ్ళండి. జారి పడితే పుత్తూరు కట్టు ఎట్లాగూ ఉందిలే అనుకోకండి.

ఇక కామెంట్లలో తప్పకుండా వచ్చే ప్రశ్న. "అలిపిరి మెట్లకు ఇది వేసుకుని పోవచ్చా?" వద్దు. అది భక్తుల నడకదారి, పైన దర్శనానికి చీరో, లంగా ఓణీయో, చున్నీతో చుడీదారో ఉండాలి. అయితే మన పందిరి లెక్క ఇక్కడే పనికొస్తుంది. అలిపిరిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టులో 2,388. చీర కింద ఉత్తి లంగాతో ఎక్కిన ఆడవాళ్ళు గాలిగోపురం దాటేసరికి కాళ్ళు ఎడంగా పెట్టి నడవడం చూసే ఉంటారు. తొడలు ఒరుసుకుపోయి. మీరు పందిరిని ఇంట్లో వదిలేసి ఇల్లు మాత్రం తీసుకెళ్ళండి. లంగా కిందనో చుడీదార్ కిందనో కొలత ప్రకారం తీసుకున్న నిక్కరు వేసుకోండి. అమ్మకు, అత్తకు, అమ్మమ్మకు కూడా కొనిపెట్టండి. వాళ్ళు స్కర్టు చూసి నవ్వుతారేమో గానీ దీన్ని మాత్రం తిరిగివ్వరు.

టైమ్ అయిపోతోంది, కుట్టించుకునేవాళ్ళకు బిన్నా చెప్పేస్తాను. నడుము 30 అంగుళాలనుకోండి. స్కర్టును ఫుల్ అంబ్రెల్లా, హాఫ్ అంబ్రెల్లా కుట్టొద్దనండి, పావు చుట్టు చాలు. నడుము వంపుకు 19 అంగుళాల వ్యాసార్ధం, కింద 16 అంగుళాల పొడుగు పెడితే అంచు చుట్టు దాదాపు 55 అంగుళాలొస్తుంది. హాఫ్ అంబ్రెల్లా అయితే 80 దాటుతుంది, అది గాలిపటం. 60 అంగుళాల పన్నా బట్ట మొత్తం మీద మీటరూ ముప్పావు తీసుకోండి. పైకీ లోపలికీ వేరే బట్టలైతే, పైదానికి ఒక మీటరు, మిగతాది నిక్కరుకు, పట్టీకి. సాగే బట్టకు బాల్ పాయింట్ సూది, జిగ్‌జాగ్ కుట్టు. మామూలు నేరు కుట్టు వేస్తే మొదటిసారి గొంతుక్కూర్చోగానే దారం తెగుతుంది. రెండు కాళ్ళు కలిసే చోట డైమండ్ ఆకారంలో ముక్క వేయమనండి, నాలుగు కుట్లు ఒకే బిందువులో కలిస్తే అక్కడే గీరుతుంది, అక్కడే చిరుగుతుంది.

ఉతకడం. తిరగేసి చన్నీళ్ళలో. కంఫర్ట్ లాంటివి పోయకండి, పోగు మీద పూతలా పట్టుకుని చెమటను లాగనివ్వదు. బ్లీచింగ్ వద్దు, ఇస్త్రీ వద్దు, స్పాండెక్స్ సాగే గుణం పోతుంది. చెమట వాసన వదలకపోతే బకెట్ నీళ్ళలో అరకప్పు వెనిగర్ కలిపి అరగంట నానబెట్టి, ఆ తర్వాత సబ్బు. ఆరేసేటప్పుడు నడుము పట్టీకి క్లిప్పులు పెట్టి వేలాడదీయకండి, తడి బరువుకు పట్టీ సాగుతుంది. దండెం మీద సగానికి అడ్డంగా వేయండి. అదీ నీడలో.

[స్కర్టును దండెం మీద వేస్తూ కట్.]