ఎనిమిది అడుగుల జాగా

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లోకి రోయింగ్ మెషిన్, అంటే కూర్చుని పడవ తెడ్డు వేసినట్టు లాగే వ్యాయామ యంత్రం, కొందామనుకుంటున్నారా? షాపుకు వెళ్లే ముందు టేపు తీసుకుని హాల్లో నేల మీద ఎనిమిది అడుగులు కొలవండి. బాగా వాడుకలో ఉన్న ఫ్యాన్ రకం మెషిన్ పొడవు అంత ఉంటుంది. సోఫా అడ్డం వస్తే రెండు ముక్కలుగా విడదీసి గోడకు చేర్చే మోడల్ చూసుకోవాలి.

నేను ఈ కొలత తీయకుండానే చిన్నది, చవకది కొన్నాను. రెండు పక్కలా నూనె నింపిన పిస్టన్లు ఉండే రకం. పావుగంట లాగేసరికి నూనె వేడెక్కి చేతికి బిగువు తగ్గిపోయేది. సీటు జారే పట్టా పొట్టిది కావడంతో మోకాళ్లు పూర్తిగా చాపుకునే వీలే లేదు. ఇప్పుడు దాని సీటు మీద ఉల్లిపాయల బుట్ట ఉంది.

కాళ్లు చాపలేని మెషిన్ దండగ అని ఎందుకంటున్నానంటే, రోయింగ్‌లో పెద్ద పని కాళ్లదే. కొత్తవాళ్లు బావిలో నీళ్లు తోడినట్టు చేతులతో లాగేస్తారు. అలా కాదు. ముందు పాదాలతో తన్ని, తర్వాత నడుము వెనక్కి వంచి, చివరికి హ్యాండిల్ పొట్ట దాకా తెచ్చుకోవాలి. తిరిగి ముందుకు జరిగేటప్పుడు మొదట చేతులు, తర్వాత నడుము, ఆఖరికి మోకాళ్లు.

ఫ్యాన్ రకంలో ఎంత గట్టిగా లాగితే గాలి అంత ఎదురు తిరుగుతుంది. 1981లో అమెరికాలోని వెర్మాంట్‌లో డ్రైసిగాకర్ అన్నదమ్ములు తెచ్చిన కాన్సెప్ట్2 మొదటి మెషిన్‌లో తిరిగింది సైకిల్ చక్రమే. ఆ కంపెనీ మెషిన్ పక్కన ఫ్యాన్‌లోకి వెళ్లే గాలిని ఎక్కువ తక్కువ చేసే మీట ఒకటి, 1 నుంచి 10 దాకా ఉంటుంది. పదిలో పెడితేనే వ్యాయామం అనుకుంటారు చాలామంది. అది సైకిల్ గేరు లాంటిది, అంతే. మూడు నుంచి ఐదు మధ్య మొదలుపెట్టండి, నడుము బతుకుతుంది.

ఫ్యాన్ చప్పుడు మాత్రం తక్కువేం కాదు. తెల్లారి ఐదున్నరకు మొదలుపెడితే పక్క గదిలో పడుకున్నవాళ్లు లేచి కూర్చుంటారు. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లకు అయస్కాంతంతో బిగువు పుట్టే రకమే నయం, చప్పుడు బాగా తక్కువ. నీళ్ల ట్యాంకు ఉన్నది వినడానికి హాయిగానే ఉంటుంది కానీ నీళ్లు పాచి పట్టకుండా అప్పుడప్పుడు క్లోరిన్ బిళ్ల వేస్తూ ఉండాలి.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు సీటు ఎత్తు చూడండి. కొన్నింటికి అది పద్నాలుగు అంగుళాలే. దాదాపు పీట మీంచి లేచినట్టే. ఇరవై అంగుళాల ఎత్తువీ దొరుకుతాయి.

షాపులో చెప్పులు విప్పేసి, పది నిమిషాలు ఆగకుండా లాగి చూడండి. సేల్స్‌మన్ రెండు నిమిషాలకే “చాలు సార్, బిల్లు వేయమంటారా?” అంటాడు. వినిపించుకోకండి. సీటు ఎక్కడ నొక్కుతోందో తెలిసేది ఎనిమిదో నిమిషంలోనే.